బావగారి కారుకు చింతపండు

మా బావగారి కొత్త నల్లకారును నేను చింతపండు పెట్టి తోమాను. ఆ రోజు చేసిన మొదటి తప్పు అదే. నవ్వండి, ఫరవాలేదు. మా ఇంట్లోవాళ్లు నవ్వి నవ్వి ఎప్పుడో అలిసిపోయారు.

బాపట్లలో ఉండే మా ఆవిడ అన్నయ్య ఏళ్ల తరబడి స్కూటరు మీద తిరిగి, చివరికి కారు కొన్నారు. రేపల్లెలో కూతురి అత్తవారింటికి సొంత కారులో వెళ్లాలని ఆయన ముచ్చట. మమ్మల్నీ తీసుకెళదామని తెనాలిలో మా ఇంటికి వచ్చి, భోంచేసి కాస్త నడుం వాల్చారు. పూజనాడు బానెట్ మీద పెట్టిన పసుపు ఎండి పెచ్చు కట్టింది. వియ్యంకుల ముందు కారు మెరవొద్దా?

"ఏమండీ, ముట్టుకోకండి. నీళ్లతో నానబెట్టి మెత్తటి గుడ్డతో తుడిస్తే పోతుంది," అంది మా ఆవిడ.

"దేవుడి సామాను వారం వారం తోమేది ఎవరు?"

"మీరే."

"మరి?"

"అది ఇత్తడండీ!"

వింటేగా! చింతపండు తీసుకుని కొబ్బరిపీచుతో రుద్దాను. పసుపు పోయింది, దాంతోపాటు మెరుపూ పోయింది. పళ్లెమంత మచ్చ తేలింది. ఒక్కచోటే ఉంటే దొరికిపోతానని చుట్టూ కూడా తోమాను. బానెట్ అంతా బడిపిల్లల పలకలా తయారైంది. భయమేసి కొబ్బరినూనె పూశాను.

బావగారు లేచి చూసి, "అబ్బో! భలే మెరిపించారే, బావగారూ!" అన్నారు. నేను నోరు మెదపలేదు. తోమడం కన్నా అది పెద్ద తప్పు.

రేపల్లె రోడ్డు పొడవునా వడ్లు తూర్పారబడుతున్నారు. ఎగిరిన పొట్టంతా నూనెకు అంటుకుంది. వియ్యంకుల గుమ్మం ముందు ఆగేసరికి కారుకు గడ్డం మొలిచింది.

వియ్యంకుడు చేత్తో పొట్టు తుడిచి, కింద గీతలు చూశాడు. "ఏంటండీ, సెకండ్ హ్యాండా?"

బావగారి ముఖం మాడిపోయింది. ఇంటి అల్లుణ్ణి, నన్నేమీ అనలేరు. "లేదండి, కొత్తదే..." అని నసిగారు.

"కొత్తదేనండి. నేనే పాతది చేశాను," అని జరిగిందంతా చెప్పేశాను. చింతపండు మాట రాగానే వియ్యపురాలు కొంగు అడ్డం పెట్టుకుని లోపలికి పరుగెత్తింది. బావగారు మాత్రం నవ్వలేదు. "మీరు బావగారు కాబట్టి సరిపోయింది," అన్నారు, అంతే.

మర్నాడు కారును తెనాలిలో పాలిష్ షాపుకు తీసుకెళ్లి, బానెట్‌లో నా ముఖం కనిపించేదాకా అక్కడే కూర్చున్నాను. ఇకమీదట పరాయి కారు దుమ్ములో మునిగి మూలుగుతున్నా నా చేతులు జేబుల్లోనే ఉంటాయని ఇంటిల్లిపాది ముందు ప్రమాణం చేశాను. తర్వాతి ఆదివారం బావగారిని బతిమాలి, అదే కారులో మళ్లీ రేపల్లె పంపించాను. మా ఆవిడ ఆయన పక్కన దర్జాగా కూర్చుంది.

నేను బస్సులో వెళ్లాను.