వెలిమెల దగ్గుల రిజిస్టరు

రాజేశం ఉద్యోగం ఒక ఊరికి ఏమీ అందకుండా చూడటం. ఈ మాట విని అతనేదో దుర్మార్గుడని అనుకోవద్దు. సంగారెడ్డి బజారులో కిరాణా దుకాణం నడిపే నాగేశ్వర్ సేటు ఒక్కగానొక్క కొడుకు. మెత్తని మనిషి. బస్సులో తన కాలు తొక్కినవాడికి తానే సారీ చెప్పే రకం. అలాంటివాడికి అలాంటి ఉద్యోగం దొరకడం ప్రభుత్వం వారికే చెల్లింది.

సంగతేమిటంటే, 1971లో సంగారెడ్డిలో పొగలేని పొయ్యిల పరిశోధన పథకం అని ఒకటి మొదలైంది. ఢిల్లీలో ఒక బోర్డు దానికి గ్రాంటు ఇస్తుంది. ఒకేసారి ఇవ్వదు, విడతలు విడతలుగా ఇస్తుంది. ప్రతి విడతకూ ముందు పథకం వల్ల జనానికి ఏం మేలు జరిగిందో రుజువు పంపాలి. రుజువు కావాలంటే పోల్చి చూపాలి కదా. అందుకని అన్ని విధాలా ఒకేలా ఉన్న రెండు ఊళ్లను ఏరారు. పాశమైలారంలో ఇంటింటికీ పొగలేని పొయ్యి కట్టించారు. వెలిమెలకు ఏమీ ఇవ్వలేదు. నెలకోసారి రాజేశం రెండు ఊళ్లకూ పోయి, నిన్న వంట చేస్తూ ఎన్నిసార్లు దగ్గావని ఆడవాళ్లను అడిగి రిజిస్టరులో ఎక్కించాలి. రెండు ఊళ్ల దగ్గుల మధ్య ఎంత తేడా ఉంటే పథకం అంత గొప్పదన్నమాట.

వెలిమెలను కంట్రోలు గ్రామం అనేవారు. అక్కడ పొయ్యే కాదు, సలహా కూడా ఇవ్వకూడదని రూలు. ఒకసారి ఒక ముసలాయన తలనొప్పికి మాత్ర ఉందా అని అడిగితే, జేబులో ఉన్న మాత్రను పట్టుకుని రాజేశం చాలాసేపు ఆలోచించాడు. ఇస్తే పరిశోధన చెడుతుంది. లేదని చెప్పి ఇంటికొచ్చాడు. ఆ రాత్రి అన్నం తినలేదు. తలనొప్పి వచ్చింది గాని ఆ మాత్ర తానూ వేసుకోలేదు.

నాలుగేళ్లయినా ఉద్యోగం పర్మనెంటు కాలేదు. ఆరు నెలలకోసారి అతన్ని ఒక రోజు తీసేసి, మర్నాడు మళ్లీ తీసుకునేవారు. తీసేసిన రోజున కూడా రాజేశం ఆఫీసుకు పోయేవాడు. అతన్ని తీసేసిన ఆర్డరు టైపు చేయడానికి ఆఫీసులో ఇంకెవరూ లేరు.

"వచ్చే ఉగాది దాక సూస్త," అన్నాడు నాగేశ్వర్ సేటు. "పర్మనెంటు గాకుంటే ఇగ దగ్గులు లెక్కవెట్టుడు బంద్ జేసి దుకాణంల కూసో. జనం నవ్వుతున్నరు."

ఆ మాట రాజేశానికి గుచ్చుకుంది. తెల్లారి టిఫిను కట్టి ఇస్తూ అతని భార్య శకుంతల కొంగుతో కళ్లు తుడుచుకుంది. పాపం, తన నౌకరి గురించే ఏడుస్తోందని రాజేశానికి మనసు కలుక్కుమంది. ఎలాగైనా పర్మనెంటు కావాలని ఆ రోజు గట్టిగా అనుకున్నాడు.

దారి కూడా కనిపిస్తోంది. ఫిబ్రవరిలో ఢిల్లీ నుంచి కమిటీ వస్తోంది. రెండు ఊళ్లలో తేడా కళ్లారా చూస్తే గ్రాంటు ఇంకో ఐదేళ్లు పొడిగిస్తారు, సిబ్బందిని పర్మనెంటు చేస్తారు. తేడా లేకపోతే పథకానికి తాళమే.

కమిటీ రావడానికి మూడు వారాల ముందు రాజేశం పటాన్‌చెరులో బస్సు దిగి, కిరాయి సైకిలు తీసుకుని వెలిమెల పోయాడు. ఏడాదిగా అక్కడ దగ్గులు తగ్గుతున్నాయి. తనంటే గౌరవం కొద్దీ ఆడవాళ్లు దగ్గు దాచుకుంటున్నారని అతని అనుమానం. ఇవాళ నిజం రాబట్టాలని నేరుగా ఆదిలక్ష్మి ఇంటికి పోయాడు. ఆదిలక్ష్మి అరవై ఏళ్ల మనిషి, ఊరందరికీ పెద్దదిక్కు. ఒకప్పుడు రోజుకు నలభైసార్లు దగ్గి, రిజిస్టరులో మొదటి స్థానంలో ఉండేది. ఆమె వాకిట్లో కూర్చుని అడిగేవాడే గాని, రాజేశం ఎన్నడూ వంటింట్లోకి తొంగిచూసినవాడు కాదు.

ఆ రోజు చూశాడు. గోడ వారగా నున్నగా అలికిన మట్టి పొయ్యి. అడుగులు కోసేసిన డాల్డా డబ్బాలు ఒకదానిమీద ఒకటి పేర్చిన గొట్టం, కప్పు దాటి పైకి పోయింది. వంటింట్లో పొగ జాడ లేదు.

"ఇదెక్కడిది అవ్వా?" అన్నాడు రాజేశం.

"నేనే కట్టుకున్న బిడ్డా. పాశమైలారం మా తల్లిగారూరు గదా. పోయినప్పుడు సూసిన. మట్టే గదా, అండ్ల ఏమున్నది?"

"ఇంకెవరన్న కట్టుకున్నరా?"

"అందరు కట్టుకున్నరు. ఊర్లె సగం మంది కోడండ్లు ఆ ఊరోళ్లే."

అన్ని విధాలా ఒకేలా ఉన్న ఊళ్లు కావాలని ఏరినవాళ్లకు, అవి ఒకేలా ఎందుకున్నాయో తట్టలేదు. తరతరాలుగా అవి వియ్యమందిన ఊళ్లు. ఆడపిల్ల తల్లిగారింటికి పోయి రాకుండా ఆపే రూలు పథకంలో లేదు.

"మరి నాకెందుకు చెప్పలేదు?"

"నువ్వు దగ్గులే అడిగినవ్ గని, పొయ్యి సంగతి ఎన్నడన్న అడిగినవా?"

అది నిజమే. పొయ్యి గురించి అడగడం కూడా సలహా కిందికే వస్తుందని రూలు.

రాజేశం అటునుంచి అటే పాశమైలారం పోయాడు. అక్కడ ఎప్పుడడిగినా "మంచిగున్నది సారూ" అనేవారు. ఈసారి లోపలికి పోయి చూశాడు. సర్కారు పొయ్యికి సున్నం కొట్టి, కుంకుమ బొట్లు పెట్టారు. దాని నోట్లో ఉల్లిగడ్డలు పోసి పెట్టుకున్నారు. వంట మాత్రం పెరట్లో మూడు రాళ్లమీద నడుస్తోంది. కారణం చిన్నది. పొయ్యి నమూనా గీసిన ప్రాజెక్టు ఆఫీసరు సూర్యప్రకాశరావు గోదావరి జిల్లా ఇంజనీరు. పటాన్‌చెరు దగ్గరి ఫ్యాక్టరీలో ఉద్యోగానికి వచ్చి ఈ పథకంలోకి మారాడు. నమూనాను సొంత వంటింట్లోనే పరీక్షించాడు. ఆయన భార్య హైమావతి దానిమీద అన్నం, పప్పు, పులుసు వండి భేషుగ్గా ఉందంది. అన్నం గిన్నెకు సరిగ్గా సరిపోయే ఆ పొయ్యి నోటిమీద ఇక్కడివాళ్ల జొన్నరొట్టెల పెనం నిలవదు. వెలిమెల ఆడవాళ్లు నోరు వెడల్పు చేసి కట్టుకున్నారు. అంతే తేడా.

సాయంత్రం ఆఫీసులో రాజేశం చెప్పిందంతా విని సూర్యప్రకాశరావు తల పట్టుకున్నాడు.

"కంట్రోలు గ్రామం చెడిపోయిందయ్యా రాజేశం."

"చెడిపోలే సార్. బాగుపడ్డది."

"అదేనయ్యా, కంట్రోలు గ్రామం బాగుపడితే చెడిపోయినట్టే. ఇప్పుడు మన గతేంటి? నాదే కాదు, నీ ఉద్యోగం కూడా."

ఇద్దరూ కూర్చుని ఆలోచించారు. కమిటీ వచ్చే పూట పాశమైలారంలో ఉల్లిగడ్డలు తీయించి, ఇంటింటికీ సోలెడు బియ్యం ఇచ్చి సర్కారు పొయ్యిమీద అన్నం వండించాలి. వెలిమెలలో పొగ పెట్టించాలి. ఎండాకాలం ముందు కట్టెలన్నీ బాగా ఎండి ఉన్నాయి, పొగ సరిగ్గా రాదు. అందుకని రెండు బండ్ల పచ్చి తుమ్మకట్టె పంపాలనుకున్నారు. వెలిమెలకు ఏమీ ఇవ్వకూడదన్న రూలుకు ఇది విరుద్ధమా అని అరగంట చర్చించి, కాదని తేల్చారు. నాలుగేళ్లలో పథకం ఆ ఊరికి ఇచ్చిన మొదటి వస్తువు అదే.

ఆదిలక్ష్మి దగ్గర ఈ సంగతి ఎత్తడానికి రాజేశానికి నోరు రాలేదు. నేల చూస్తూ చెప్పాడు. ఆమె ఒక్క ప్రశ్న అడిగింది.

"పొగ వెడితే నీ నౌకరి నిలబడ్తదా?"

"పర్మనెంటు అయితది అవ్వా."

"అయితే పెడ్తం. నాలుగేండ్ల సంది నెల దప్పకుంట వచ్చి, ఎన్నిసార్లు దగ్గినవ్ అవ్వా అని అడిగినోనివి నువ్వొక్కనివే. నా కొడుకు సుత అడగలే."

కమిటీ వచ్చిన రోజున వెలిమెల ఆడవాళ్లు చేసిన సాయం అంతా ఇంతా కాదు. జీపు ఇంకా మైలు దూరంలో ఉండగానే ఊరు కనబడటం మానేసింది. ఎవరు కబురు చేశారో, పటాన్‌చెరు ఫ్యాక్టరీ ఫైరింజను గంట కొట్టుకుంటూ వచ్చి ఊరి మొగదల నిలబడింది. దాంట్లోవాళ్లకు ఆర్పడానికేమీ కనిపించక, చాయ్ తాగి అక్కడే కూర్చున్నారు. కమిటీ పెద్ద చలపతిరావు ప్రొఫెసరు ముక్కుకు రుమాలు అడ్డం పెట్టుకుని, "అయ్యో, ఎంత ఘోరం, ఎంత ఘోరం" అంటూ ఇల్లిల్లూ తిరిగాడు. సూర్యప్రకాశరావు ముఖం వెలిగిపోయింది.

ఆదిలక్ష్మి వంటింట్లోకి పోయేసరికి రాజేశం గడపలోనే ఆగిపోయాడు. మిగతావాళ్లు పొయ్యిలమీద గంపలు బోర్లించి, డబ్బా గొట్టాలు తీసి దాచారు. ఆదిలక్ష్మి పొయ్యి ఉన్న చోట మట్టిపెళ్లల కుప్ప ఉంది. పక్కన మూడు రాళ్లు పెట్టుకుని ఆమె వంగి ఊదుతోంది.

"గంప బోర్లిస్తే సాలు గదా అవ్వా, పలగొట్టుడెందుకు?" అన్నాడు మెల్లగా.

"గా ఢిల్లోళ్లు గంప లేపి సూస్తే? నీ నౌకరి పోదా?" అంటూనే ఆమెకు దగ్గు తెర పట్టుకుంది.

అలవాటు చొప్పున రాజేశం మనసులో లెక్క మొదలైంది. పది. పదిహేను. ఆమె గోడ పట్టుకుని కూలబడింది. ఇరవై ఏడు దగ్గర అతనికి తనమీద తనకే అసహ్యం వేసింది. బిందె ఎత్తి మంటమీద కుమ్మరించి, ప్రొఫెసరు వైపు తిరిగాడు.

"సార్, ఇది అబద్ధం పొగ. మేమే పెట్టించినం. ఈ ఊర్ల అందరికి పొగలేని పొయ్యిలున్నయి. మా వాటికన్న మంచిగున్నయి."

సూర్యప్రకాశరావు కళ్లు మూసుకున్నాడు. ప్రొఫెసరు ఫారం తిరగేశాడు.

"ఈ ఊరికి పథకం పొయ్యిలు ఇచ్చిందా?"

"లేదు సార్. వాళ్లే కట్టుకున్నరు."

"పథకం ఇచ్చిన పొయ్యికి ఫారంలో గడి ఉంది. వాళ్లే కట్టుకున్నదానికి గడి లేదు బాబూ. కాబట్టి లేనట్టే." ఆయన మూడుసార్లు దగ్గి, పేదల బాధ చూసి తట్టుకోలేకపోతున్న ఈ కుర్రవాడి సేవాభావం మెచ్చదగినదని నోట్సులో రాసుకున్నాడు.

ఉగాదికి వారం ముందు ఆర్డరు వచ్చింది. రాజేశం పర్మనెంటు. ఇంకో ఐదేళ్లు వెలిమెలకు ఏమీ అందకుండా చూడాలి. నాగేశ్వర్ సేటు దుకాణానికి వచ్చినవాళ్లందరికీ పేడాలు పంచాడు.

పై నెల రాజేశం వెలిమెల పోతే ఆదిలక్ష్మి ఇంకా మూడు రాళ్లమీదే వండుతోంది. కళ్లు చింతనిప్పుల్లా ఉన్నాయి.

"మళ్ల కట్టుకోలేదేంది అవ్వా?"

"కట్టుకొమ్మని నువ్వు సెప్పలే గదా. నీ నౌకరికి ఇంక ఎన్నొద్దులు పొగ గావాలెనో ఏమో అనుకున్న." రిజిస్టరు వైపు చూసి దగ్గరికి జరిగింది. "జెర సెప్పు బిడ్డా. ఎన్ని గావాలె నీకు? గన్నే దగ్గుత."

రాజేశం రిజిస్టరు మూసేశాడు. ప్యాంటు మడిచి, పెరట్లోకి పోయి మట్టి తొక్కాడు. పొద్దుగూకేదాకా ఆమె చెప్పినట్టు పొయ్యి కట్టాడు. వెలిమెల గడి మొదటిసారి ఖాళీగా ఉంచుకుని ఇంటికొచ్చాడు.

మర్నాడు రిజిస్టరులో ఆ ఖాళీ గడి ముందేసుకుని, ఏం రాయాలో తోచక కూర్చుంటే లోపలినుంచి దగ్గు వినిపించింది. వినపడగానే చెయ్యి దానంతటదే గీతలు గీసింది. రొట్టెలు అయ్యేసరికి పద్నాలుగు గీతలు. లేచి వంటింటి గడపలో నిలబడ్డాడు. పెళ్లయిన ఎనిమిదేళ్లలో ఆ వేళప్పుడు అక్కడ నిలబడటం అదే మొదలు. పొగలో శకుంతల కొంగుతో కళ్లు తుడుచుకుంటోంది, ఆ రోజు టిఫిను కట్టి ఇస్తూ తుడుచుకున్నట్టే.

"ఎప్పటి సంది దగ్గుతున్నవ్ గిట్ల?"

శకుంతల ఊదుడుగొట్టం పక్కన పెట్టి అతని ముఖంలోకి చూసింది.

"మీ రిజిస్టరుల ఈ ఇల్లు లేదు గదా. ఇయ్యాల ఎందుకు అడుగుతున్నరు?"

ఆదివారం నాడు రాజేశం దుకాణం వెనక నుంచి ఖాళీ డాల్డా డబ్బాలు ఏరుకుని, అడుగులు కోసి, వెలిమెల నుంచి ఆదిలక్ష్మిని బస్సులో తీసుకొచ్చాడు. ఆమె వంటింట్లోకి పోయి, శకుంతలను కూర్చోబెట్టి, ఎన్నిసార్లు దగ్గుతవ్ బిడ్డా అని అడిగింది. శకుంతల చెప్పడం మొదలుపెట్టి, మధ్యలోనే ఏడ్చేసింది. ఆ ఏడుపు పొగ వల్ల కాదని రాజేశానికి ఈసారి తెలిసింది.