రెండేళ్ల అనుభవం ఉన్న లుఖ్మీ

మేనేజరుతో గొడవపడి ఉద్యోగం పోగొట్టుకున్నవాళ్లను చూశాను. ఆఫీసులో నిద్రపోయి పోగొట్టుకున్నవాళ్లనూ చూశాను. నా ఉద్యోగం మాత్రం కీమాలో పోయింది. అదీ చేరకముందే. నవ్వాలనుకున్నవాళ్లు ఇప్పుడే నవ్వేయండి, చివరికొచ్చేసరికి నా మీద జాలి కలిగే ప్రమాదం ఉంది. లేదులెండి, కలగదు.

సాఫ్ట్‌వేర్ గాలి జోరుగా వీస్తున్న రోజులవి. తెనాలి నుంచి అమీర్‌పేట వచ్చి, మూడు నెలల జావా కోర్సు చేసి, రెండేళ్ల అనుభవం సంపాదించాను. లెక్క కుదరలేదా? అమీర్‌పేటలో కుదురుతుంది. అప్పటికే రెండేళ్లు నిజంగా పనిచేసి, ఇంకేదో కోర్సు కోసం మా క్లాసుకు వచ్చే యూసుఫ్‌గూడ సలీమ్ రెజ్యూమ్ తీసుకుని, పేరు, ఫోన్ నంబరు మార్చి నాది చేసుకున్నాను. అట్టడుగున 'హాబీలు: లుఖ్మీలు చేయడం' అన్న ముక్క కూడా అలాగే వచ్చేసింది. మైదా పొరల మధ్య కీమా పెట్టి నూనెలో వేయించే నలుచదరపు తిండి అదని అప్పటికి నాకు తెలీదు.

పంజాగుట్ట ఆఫీసులో మేనేజరు మేడమ్ మొదటి రౌండు ముగించి, సరిగ్గా ఆ ముక్క దగ్గర ఆగింది.

"లుఖ్మీలు చేస్తవా నువ్వు? మా అమ్మ పోయినంక మంచి లుఖ్మీ తిననే లేదు. శనివారం రెండో రౌండుకు పట్టుకరా, చూస్తం."

"తప్పకుండా మేడమ్. రెండేళ్ల నుంచి చేస్తున్నాను," అన్నాను. నోరు నాదే, బుద్ధి ఎవరిదో.

ఆ నెలాఖరుకి ఉద్యోగం రాకపోతే వచ్చి మామయ్య ఎరువుల కొట్లో కూర్చోమని నాన్న ఆఖరి మాట చెప్పేశారు. అందుకే శనివారం పొద్దున్నే సలీమ్ ఇంటికి పరిగెత్తాను.

"రెజ్యూమ్ కొట్టేసినవ్ సరే, హాబీ సుత కొట్టేస్తవా భాయ్?" అన్నాడు సలీమ్.

వాళ్లమ్మ మాత్రం పాపం ఓపిగ్గా అంతా చెప్పింది. "చూడు బేటా, కీమా ఎండిపోవద్దు. జర నీళ్లు పోసి మూత పెట్టు. ఉడికినంక తడితడిగ ఉండంగనే దించు, చల్లారినంక నింపు. కొవ్వు పారబొయ్యకు, రుచంత దాంట్లనే ఉంటది." కీమా పొయ్యి మీద పెట్టి, ఆవిడ పక్కింటి పెళ్లిపనికి వెళ్లింది.

నేను మూత తీశాను. లోపల తడి! గుంటూరు జిల్లావాడికి తడి అంటే ఏమిటో మీకు వేరే చెప్పాలా? మా అమ్మ ఆవకాయ కలిపే రోజున తడి చేతుల్తో వంటింట్లో అడుగుపెట్టినవాడికి ఆ పూట అన్నం ఉండదు. తడి తగిలితే బూజు, బూజు పడితే వంశానికే అప్రతిష్ఠ. సలీమ్ వాళ్లమ్మకి ఆవకాయ సంగతి తెలీదు కాబోలని జాలిపడి, మంట పెంచాను.

మైదా వత్తుతున్న సలీమ్ తలెత్తాడు. "ఏం చేస్తున్నవ్ భాయ్?"

"నీళ్లు ఇగరబెడుతున్నా."

"అమ్మీ తడి ఉండాలె అన్నది గదా!"

"తడి ఉంటే నిలవుంటుందా ఏంటి?"

"ఎందుకు నిలవ? పదకొండింటికి తింటరు!"

"నువ్వు మైదా చూసుకో."

కొవ్వు వంచేశాను. అరగంట వేయించాను. అదీ చాలక, కీమాను గుడ్డలో మూటకట్టి పిండాను. ఒక్క చుక్క రాలేదు. అడుసు తొక్కనేల, కాలు కడగనేల అంటారు. నేను అసలు అడుసే లేకుండా చేశాను. మా అమ్మ చూస్తే గర్వపడేదని కళ్లు చెమర్చాయి. వంట మొత్తంలో తడి అదొక్కటే.

పదకొండింటికి మేడమ్ డబ్బా తెరిచింది. పైకి బంగారంలా ఉన్నాయి. "అబ్బ, మా అమ్మ చేసినట్టే ఉన్నయ్," అని మురిసిపోతూ కొరికింది. కంకర నలిగినట్టు చప్పుడైంది. కీమా జలజలా రాలి నా రెజ్యూమ్ మీద కుప్ప పడింది. ఆవిడ దగ్గింది. నీళ్లు తాగింది. మళ్లీ దగ్గి, నా గ్లాసులో నీళ్లు కూడా తాగింది.

"ఎన్నేండ్ల సంది చేస్తున్నవ్ లుఖ్మీలు?"

"రెండేళ్లు మేడమ్."

"మరి జావా?"

"అదీ... రెండేళ్లే మేడమ్."

ఆవిడ రెజ్యూమ్ ఎత్తి, కీమా అంతా డబ్బాలోకి దులిపి, కాగితం నా చేతికిచ్చింది.

"రెజ్యూమ్‌ల లేనిది కలిపినవ్, కీమాల ఉన్నది తీసేసినవ్. పోయి రా తమ్మీ."

మెట్లు దిగుతుంటే నిజంగానే ఏడుపొచ్చింది. తర్వాత ఆరు నెలలు మామయ్య కొట్లో యూరియా బస్తాలు సర్దాను.

అందుచేత మహాజనులారా, పొయ్యి సాక్షిగా, బాణలి సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. ఇక ఈ జన్మలో కీమా జోలికి పోను. రెజ్యూమ్‌లో హాబీల దగ్గర చేతనైనదే రాస్తాను: నిద్ర. నమూనా చూపించమంటే, ఇంటర్వ్యూలోనే చూపిస్తాను.