చదివేటప్పుడు మధ్యలో ఆపకూడదు

జూన్ మొదటి ఆదివారం, సాయంత్రం. ఉద్దానంలో మా చెల్లెలి ఇల్లు. ఉన్నవారు: నేను, మా చెల్లెలు, దాని కొడుకు, కూతురు, ఉయ్యాలలో ఆ కూతురి పాప.

మర్నాడు టెక్కలిలో ఒక ప్రైవేటు బడిలో ఇంగ్లీషు టీచరు ఉద్యోగానికి మేనకోడలు డెమో క్లాసు చెప్పాలి. ఉద్యోగం దొరికితే రోజూ ఇంటికి వస్తుంది. దొరక్కపోతే పాపను తల్లి దగ్గర వదిలి విశాఖపట్నం హాస్టల్లో ఉండాలి. అక్కడ కాల్ సెంటర్లో పనిచేసే అన్న తన ఆఫీసులో మాట్లాడి ఉంచాడు. బ్యాగు సగం సర్ది మంచం కింద పెట్టారు.

పాఠం ఒక ఆటగాడి కథ. దాన్ని ఆమె మా ముందు చదివి చూపిస్తోంది. నేను పలాస స్టేషన్లో పనిచేసి రిటైరైనవాణ్ణి. బెంగాలీ గార్డులు, ఒడియా డ్రైవర్లు, తమిళ ఇంజనీర్లు, ఒక్కొక్కరి నోట ఒక్కో ఇంగ్లీషు విన్నాను. అయినా నాకు వచ్చిందే సరైనదని నా నమ్మకం. ఒకచోట ఆపి చెప్పాను: ఆటగాడు సాధించినదైతే బరువు ముందు పడి 'రెకర్డ్' అవుతుంది, రాసి ఉంచడమైతే బరువు వెనక్కి జరిగి 'రికార్డ్' అవుతుంది. అంతవరకు బాగానే ఉంది. తర్వాత ఆమె 'షెడ్యూల్' అంది. మేనల్లుడు ఆపి 'స్కెజూల్' అనమన్నాడు. అమెరికా వాళ్లతో రోజూ మాట్లాడేది తానేనన్నాడు. నేను ఒప్పుకోలేదు.

మధ్యాహ్నం గడగడా చదివిన పిల్ల ఇప్పుడు ప్రతి మాటకూ ముందు మా ఇద్దరి మొహాలు చూడసాగింది. చివరికి రెకర్డ్, రికార్డ్ కూడా తారుమారయ్యాయి. పుస్తకం మూసేసింది.

"నానెల్లను మావా. ఆల ముందర నోరు పెగల్దు."

వంటింటి గుమ్మంలో చేపలు తోముతున్న మా చెల్లెలు తలెత్తింది.

"మీరిద్దరూ దాని నోరు సెరిసగం పంచీసుకున్నారు. ఇంక అదేటి సదువుద్ది? సర్చీలో వాక్యం సదివినప్పుడు ఎవులైనా మద్దెన ఆపుతారేటి అన్నియ్యా?"

ఆపరు. మా సంఘంలో అది కట్టుబాటు. చదివేవాళ్లు తప్పు పలికినా పాస్టరుగారు సైతం ఊరుకుంటారు. ఆరాధన ముగిశాకే పక్కకు పిలిచి చెబుతారు.

మేనకోడలు మళ్లీ చదివింది. మేనల్లుడు రెండుసార్లు నోరు తెరవబోయి తల్లి చూపుకు ఆగాడు. నేను నేల చూస్తూ కూర్చున్నాను. పాఠం చివరిదాకా సాగింది.

మర్నాడు ఉదయం టెక్కలికి నేనే వెంట వెళ్లి బడి వరండాలో కూర్చున్నాను. కిటికీలోంచి ఆమె గొంతు వినబడుతోంది. రెకర్డ్, రికార్డ్ రెండూ సరిగ్గా పడ్డాయి. 'షెడ్యూల్' దగ్గర కరస్పాండెంటు ఆపి, ఈ రోజుల్లో అలా ఎవరంటున్నారమ్మా అన్నాడు. నేను గొడుగు పిడి గట్టిగా పట్టుకున్నాను.

"ఈ పేరా అయ్యాక చెబుతాను సార్" అంది.

చదవడం పూర్తి చేసి అప్పుడు చెప్పింది. షెడ్యూల్ను ఒక్కో దేశంలో ఒక్కోలా అంటారని, అర్థం మారదు కాబట్టి పిల్లలకు రెండూ నేర్పుతానని. రెకర్డ్ సంగతి వేరని, అక్కడ బరువు జరిగితే అర్థమే జరుగుతుందని, అది మాత్రం తప్పనివ్వనని.

ఆయన ప్యూనును పిలిచి టైం టేబుల్ తెమ్మన్నాడు.

బస్టాండులో ఆమె తల్లికి ఫోన్ చేసింది. "అమ్మా, ఆ బేగులో బట్టలు తీసీ. పాపకి సెప్పు, వచ్చీస్తన్నాను."