ఎర్ర గొర్రెల పక్షం

బడి రిజిస్టరులో ఆవిడ పేరు ఏదైతేనేం, ఊరూవాడా పిలిచేది మాత్రం పెంటికల డాక్టరమ్మ అనే. అలా పిలిచినవాళ్ళని ఒక్కరినీ ఆవిడ కసురుకోలేదు. అది ఒక్కటి చాలు ఆవిడ ఎలాంటి మనిషో చెప్పడానికి. కానీ చెప్పాల్సినవి ఇంకా ఉన్నాయి.

బడిలో లెక్కల బహుమతి ఆమెదే, పరుగుపందెం బహుమతీ ఆమెదే. పశువైద్య కళాశాలలో "ఆడపిల్లల వల్ల ఏమవుతుంది" అని నసిగిన మాష్టారి కళ్ళముందే, అడ్డం తిరిగిన దూడని భుజం దాకా చెయ్యి పెట్టి సరిచేసి బయటికి తీసింది. చదువు పూర్తయ్యాక అదే చేత్తో పతకం అందుకుంది. ఆస్పత్రిలో కుర్చీ వేసుకుని కూర్చుంటే దర్జాగా గడిచిపోయేది. కూర్చోలేదు. పరిశోధన అంటూ ల్యాబులో చేరింది.

ల్యాబంటే గాజు మేడ అనుకునేరు. వరండా చివర, స్టోరు గదిని ఆనుకుని ఉన్న ఇరుకు గది. తలుపు తీస్తే ముందు వాసన పలకరిస్తుంది, తర్వాతే మనుషులు. మూలనున్న ఫ్రిజ్ మీద పెద్ద అక్షరాలతో "తినేవి కాదు" అని రాసి ఉంటుంది. అయినా కొత్తగా వచ్చినవాళ్ళు తీసి చూస్తారు, ఒక్కసారే. అందులో డబ్బాల నిండా గొర్రెల పెంటికలు. డాక్టరమ్మ వాటిని మెత్తగా నూరి, చిక్కటి ఉప్పునీళ్ళలో కలుపుతుంది. గొర్రె కడుపులో నట్టలనే పురుగులుంటే వాటి గుడ్లు పైకి తేలతాయి. ఆ తేటని మైక్రోస్కోపు కింద పెట్టి మెడ పట్టేసేదాకా లెక్కపెడుతుంది.

"ఏమే కోడలా, ఇంత చదివింది గొర్రెల వెనకాల సంచీ పట్టుకు తిరగడానికా?" అని మేనత్త దెప్పేది.

"ముందు నడిస్తే పొట్టేళ్ళు పొడుస్తున్నాయత్తా! అందుకే వెనకాల."

ఆ మేనత్తకి గొర్రెలంటే ప్రాణం. మామయ్య పోయాక మంద అమ్మెయ్యమని అందరూ చెబితే, "మిమ్మల్నే అమ్మేస్తాను ఫోండి" అన్న మనిషి. చిన్నప్పుడు డాక్టరమ్మకి గొర్రెని పట్టడం, దాని నోరు తెరిపించడం నేర్పింది ఆవిడే.

ఏళ్ళ తరబడి గుడ్లు లెక్కపెట్టగా డాక్టరమ్మకి ఒక సంగతి తేలింది. మంద మొత్తానికీ అవసరమున్నా లేకపోయినా మందు పోసీ పోసీ, నట్టలు దానికి అలవాటు పడిపోతున్నాయి. ఇలాగే సాగితే నిజంగా జబ్బు చేసిననాడు మందూ నీళ్ళూ ఒకటే అవుతాయి. దానికి ఆవిడ చెప్పిన ఉపాయం తేలిక. నట్టలు రక్తం తాగుతాయి కాబట్టి, గొర్రె కింది కనురెప్ప తిప్పి చూడాలి. లోపల ఎర్రగా ఉంటే వదిలెయ్యాలి, పాలిపోయి ఉంటేనే మందు పొయ్యాలి.

"చెప్పడం కాదమ్మా, చూపించు," అన్నాడు ల్యాబు పెద్దసారు. ఆవిడది ఏటికేడు పొడిగించే ఉద్యోగం. ఎన్ని పతకాలున్నా గొర్రె తోక బెత్తెడే అన్నట్టుండేది. ఇది నెగ్గితే ఉద్యోగం ఖాయం చేయిస్తానని కూడా ఆయన మాటిచ్చాడు.

చూపించడానికి మంద కావాలి. గొర్రెల మీద ప్రయోగమంటే ఎవరు ఒప్పుకుంటారు? మేనత్త ఒప్పుకుంది. సగం గొర్రెల వీపున నీలం రంగు, సగానికి ఎర్ర రంగు పూశారు. నీలంవాటికి అలవాటు ప్రకారం అన్నిటికీ మందు. ఎర్రవాటికి రెప్ప పాలిపోతేనే, అదీ డాక్టరమ్మ చేత్తోనే.

"అంటే ఎర్రవి నీ పక్షమన్నమాట," అంది మేనత్త.

"అలాగే అనుకో," అంది డాక్టరమ్మ నవ్వుతూ. ఆ నవ్వు తర్వాత ఎంత పని చేసిందో చూడండి.

వానాకాలం గడిచింది. ఎర్ర గొర్రెలు నిగనిగలాడుతున్నాయి. ఒక్కదానికైనా రెప్ప పాలిపోలేదు. పెంటికల్లో గుడ్లు వెతికినా దొరకలేదు. పెద్దసారు మైక్రోస్కోపు దగ్గర్నించి లేచి, "అమ్మాయ్, నీ పంట పండింది! మహాసభలో చదివేద్దాం," అన్నాడు. డాక్టరమ్మ కాళ్ళు నేలమీద ఆనలేదు. ఆ సంతోషంతోనే మేనత్త దగ్గరికి వెళ్ళింది.

అప్పటికి మేనత్త నీలం గొర్రెలకి మందు పోయడానికి సీసా పట్టుకుని దొడ్లోకి వస్తోంది. ఆ సీసా కనబడగానే నీలం గొర్రెలు బెదిరి మూలకి పరిగెత్తాయి. వాటితోపాటు ఎర్రవీ పరిగెత్తాయి. పళ్ళు బిగించి, మెడలు వంచి, గోడకి అతుక్కుపోయాయి.

డాక్టరమ్మ నవ్వు అక్కడే ఆగిపోయింది. గొర్రె కసాయివాణ్ణి నమ్ముతుందంటారు గానీ, మందు సీసా పట్టిన చేతిని మాత్రం చచ్చినా నమ్మదు. ఆ చేదు గొంతు దిగిన కొన్నాళ్ళదాకా బెదురుతుంది, పోయడం మానేస్తే మెల్లగా మరిచిపోతుంది. ఈ కాలమంతా ఆ చేదు ఎరగని ఎర్ర గొర్రెలకి ఇంత భయమెందుకు?

"అత్తా, ఎర్రవాటికి మందు పోశావా?"

మేనత్త సీసా కొంగు చాటుకి తీసింది. "నేనెందుకు పోస్తాను?"

"నా మీద ఒట్టేసి చెప్పు."

మేనత్త ఒట్టెయ్యలేదు. గొర్రెలకేసి చూస్తూ గొణిగింది. "పోశాను. ఒక్కసారి కాదు, కాలమంతా పోశాను. అవి నీ పక్షమన్నావు కదే! ఓడిపోతే నీ ఉద్యోగం పోతుందన్నారు. చూస్తూ ఊరుకోమంటావా?"

కోపం తెచ్చుకుందామన్నా రాలేదు డాక్టరమ్మకి. దొడ్డి గట్టుమీద కూలబడింది. గెలిచిందనుకున్న గెలుపు గెలుపు కాదు. ఆ సంగతి తెలిసింది లోకంలో ఇద్దరికే. నోరు మూసుకుంటే ఉద్యోగం ఖాయం.

మర్నాడే పెద్దసారు గదికి వెళ్ళి ఉన్నదున్నట్టు చెప్పేసింది. ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు.

"నీకూ మీ అత్తకీ తప్ప ఎవరికి తెలుసమ్మా?"

"గొర్రెలకి తెలుసు సార్," అంది డాక్టరమ్మ. "మనం రాసింది నమ్మి ఎవరో మందు మానేస్తారు. అప్పుడు వాళ్ళ మందలు ఏమవుతాయో నాకు తెలియదు. మీకూ తెలియదు."

ఆయన కళ్ళజోడు మళ్ళీ పెట్టుకున్నాడు. చివరికి, "మళ్ళీ మొదలుపెట్టు. ఉద్యోగం మాట మాత్రం ఇప్పుడు ఇవ్వలేను," అన్నాడు. ఇచ్చిన పతకాలు పుచ్చుకోవడం ఎవరైనా చేస్తారు. చేతికందిన గెలుపుని వెనక్కిచ్చి రావడమంటే మాటలా!

మళ్ళీ వానాకాలం. మళ్ళీ మేనత్త మందే. "నమ్ముతావా నన్ను?" అని మేనత్త అడిగితే, "నువ్వు కాపలా ఉంటే దొడ్లోకి ఎవరొస్తారు?" అంది డాక్టరమ్మ. అంతే, మేనత్త మనిషే మారిపోయింది. చుట్టపుచూపుగా వచ్చినవాళ్ళ చేతిలో మంచినీళ్ళ సీసా ఉన్నా గడప అవతలే పెట్టించేది.

ఈసారి నిగనిగలేమీ లేవు. ఎర్రవాటిలో కొన్ని పాలిపోయాయి, పాలిపోయినవాటికే మందు పడింది. మేనత్త ముద్దుగా పెంచిన మొండిచెవి గొర్రె నీరసపడినప్పుడు, ఆవిడ చేతులు వెనక్కి కట్టుకుని నిలబడి, "రెప్ప చూడవే, తొందరగా చూడు," అని ఏడ్చింది. రెప్ప తెల్లగానే ఉంది. మందు పోశారు, అది కోలుకుంది. ఎర్రవాటిలో ఒక గొర్రెపిల్ల మాత్రం దక్కలేదు. మొత్తంమీద ఎర్రవి నీలంవాటికంటే కాస్త చిక్కాయి, కానీ నిలబడ్డాయి. నీలంవాటికి పోసినదానితో పోలిస్తే ఖర్చయిన మందు చాలా తక్కువ. చిక్కిన సంగతీ, పోయిన పిల్ల సంగతీ దాచకుండా మహాసభలో చదివింది డాక్టరమ్మ. మొదటి ఏడాది లెక్కలు ఏమయ్యాయని ఎవరో అడిగితే, "మా మేనత్త నన్ను గెలిపించింది సార్, అందుకని పారేశాను," అంది. సభంతా గొల్లున నవ్వింది.

ఆ తర్వాతే ఉద్యోగం ఖాయమైన కాగితం వచ్చింది. ఇవాళ ఎన్నో మందల్లో రెప్ప తిప్పి చూశాకే సీసా తీస్తున్నారు. వాళ్ళలో చాలామందికి చూడడం నేర్పింది డాక్టరమ్మ కాదు, మేనత్త.

కాగితం పట్టుకుని డాక్టరమ్మ ముందు ఆ దొడ్డికే పరిగెత్తింది. మేనత్త దాన్ని చూడనైనా చూడలేదు.

"అది తర్వాత. ఇలా రా," అంటూ గడ్డం పట్టుకుని బొటనవేలితో ఆమె కింది రెప్ప లాగింది. "అనుకున్నాను! సున్నం కొట్టినట్టుంది. గొర్రెలకి చెప్పడమేనా, నువ్వు తినేదేమైనా ఉందా? ఉండు, బలం మందు తెస్తాను."

మేనత్త సీసా కోసం లోపలికి వెళ్ళింది. డాక్టరమ్మ పళ్ళు బిగించి, ఎర్ర గొర్రెల పక్కన గోడ వారకి జరిగింది.