ఊపి చూడని తీగ

అరవైల మొదట్లో తమిళనాడు రాజపాళయంలో నాకు కార్ల కరెంటు పని చేసే చిన్న షాపు ఉండేది. మిల్లు యజమాని కొడుకూ నేనూ ఒకే బెంచీ మీద చదువుకున్నవాళ్లం. తండ్రి వాడి వదిలేసిన రెండు సీట్ల స్పోర్ట్స్ కారంటే అతనికి ప్రాణం. రెండో ప్రపంచ యుద్ధానికి ముందు సీమ నుంచి ఓడలో వచ్చిన బండి. తీగల మీది గుడ్డ చివికిపోయింది. లోపలి రబ్బరు గోరు తగిలితే పొడిగా రాలేది.

ఒక మధ్యాహ్నం ఆ కారు తెచ్చి షాపు ముందు ఆపాడు.

"హెడ్‌లైట్లు ఉండుండి ఆరిపోతాయి రా. గుంతలో పడితే మళ్ళా వస్తాయి. తళవాయిపురం పోవాల, సీక్రం చూడు."

గుంతలో పడితే వెలుగుతున్నాయంటే ఎక్కడో జాయింటు వదులైందన్నమాట. బ్యాటరీ చూశాను, స్విచ్చి చూశాను. రెండు లైట్లూ తెల్లగా వెలిగాయి. ఇక బండి కిందికి దూరి ఒక్కో తీగా పట్టి ఊపి చూడాలి. నేల కాలుతోంది. అతనికి తొందర.

"ఇప్పుడు బాగానే ఉండాది. రేపు విప్పి చూస్తా. పొద్దు ఉండగానే వచ్చెయ్," అన్నాను.

"సరి రా," అని నవ్వి వెళ్లాడు.

తిరుగుదారిలో పొద్దుపోయింది. మలుపు దగ్గర లైట్లు ఆరిపోయి, కారు చింతచెట్టుకు గుద్దుకుంది. వెనకే వస్తున్న బస్సు డ్రైవరు దిగి పరుగెత్తేసరికి కొనప్రాణంతో ఉన్నాడట.

మూడో రోజు మిల్లు ఆవరణలో పడేసిన ఆ కారు కిందికి, ఎవరూ అడక్కుండానే, దూరాను. లైట్లకు వెళ్లే తీగ ఇత్తడి కనెక్టరులో పచ్చగా చిలుము పట్టి, వేలు తగలగానే ఊడి వచ్చింది. దాన్ని పట్టుకుని అతని తండ్రి, మేమంతా మొదలాళీ అని పిలిచే ఆ మిల్లు యజమాని దగ్గరికి వెళ్లాను.

"మొదలాళీ, తప్పు నాది. ఆ పొద్దు ఊపి చూసుంటే ఇది దొరికుండును. నేను చూడలేదు."

ఆయన తిట్టలేదు. తీగ వైపు చూడను కూడా లేదు.

"బస్సు డ్రైవరుతో మాట్లాడినావంట గదా. పోయే ముందర మావాడు ఏమన్నా సెప్పినాడా?"

నీళ్లు అడిగాడని డ్రైవరు నాతో చెప్పాడు. బస్సులో నీళ్లు లేవు.

"లేదు మొదలాళీ. అక్కడికక్కడే పోయినాడంట," అన్నాను.

"అట్లయితే సరి," అని లోపలికి వెళ్లిపోయారు.

ఆ తర్వాత కూడా మిల్లు లారీలు నా షాపుకే వచ్చేవి. ఎందుకు పంపుతున్నారో నేనెప్పుడూ అడగలేదు. బజారులో ఆయన ఎదురుపడితే ఇద్దరం కళ్లు దించుకునేవాళ్లం.