మా దివాలా బాబాయి

మా బాబాయి బోర్డులు రాసే పెయింటరు. స్నేహితుడికి హామీ సంతకం పెట్టిన పాపానికి ఆయన షాపు వేలానికొచ్చింది. ఆ వేలం బోర్డు కూడా ఆయన చేతే రాయించారు. అంత బాగా రాసేవాడు ఇంకొకడు దొరకలేదట. బాబాయి పసుపు మీద ఎర్రక్షరాలు రాసి, వాటికి నీడలు కూడా దిద్ది, కూలి అడిగాడు. "నీకొచ్చే ప్రతి పైసా ఇప్పుడు అప్పులవాళ్ళదే కదయ్యా" అన్నాడు కోర్టు గుమాస్తా.

ఆ రోజు నుంచీ బాబాయికి ఒకటే జబ్బు. కనబడ్డ ప్రతివాడికీ తను దివాలా తీశానని చెప్పుకోవడం.

బస్సులో ఎవరైనా జరిగి చోటిస్తే, "సంతోషమండీ, నేను దివాలా తీశాను" అనేవాడు. ఆ పెద్దమనిషి జేబు మీద చెయ్యేసుకుని ఇంకాస్త జరిగేవాడు. పళ్ళ డాక్టరు "ఏమిటి బాధ?" అంటే, "దివాలా అండీ. పన్ను సంగతి తరవాత" అన్నాడు.

"మనుషులకి బీపీ ఉంటుంది, షుగరుంటుంది. ఎవరైనా ఇలా చెప్పుకు తిరుగుతారా?" అని పిన్ని తల కొట్టుకుంది.

"ఎందుకు తిరగరే? నిన్న పక్కింటావిడకి నీ షుగరు గురించి గంటసేపు చెప్పావుగా."

నాకు ఒళ్ళు మండేది. ఆయనతో పాటు బస్సెక్కడమే మానేశాను.

అంతలో దివాలా చట్టం మారుస్తామని ప్రభుత్వం ముసాయిదా పెట్టింది. మూడేళ్ళలో కొట్టేసే బాకీలు ఇకమీదట పదేళ్ళు వెంటాడతాయి. ఇన్నాళ్ళూ ముట్టుకోకూడని పనిముట్లను కూడా జప్తు చెయ్యొచ్చు. కోట్లు ముంచిన కంపెనీలకు మాత్రం పాత రాజమార్గం అలాగే ఉంటుంది. డెబ్బై పేజీలూ నిఘంటువు పక్కన పెట్టుకుని మూడుసార్లు చదివాను.

సెలూన్లో అందరూ తిట్టేవాళ్ళే. "కత్తెర పట్టుకుపోతే నేను పళ్ళతో కొరకాలా జుట్టు?" అన్నాడు సెలూనాయన.

"శుక్రవారం దివాలా ఆఫీసులో అభ్యంతరాలు వింటారట. పాత చట్టం కింద దరఖాస్తులకీ అదే ఆఖరు రోజట. పోదామా?" అన్నాను.

ఒక్కొక్కడూ పేపరు మొహానికి అడ్డం పెట్టుకున్నాడు. వెళ్తే రిజిస్టర్లో అప్పుల్లో ఉన్నానని రాసి సంతకం పెట్టాలి మరి. "చదువుకున్నవాడివి, నువ్వెళ్ళు" అన్నారు చివరికి. తొమ్మిదో క్లాసు తప్పినవాడు చదువుకున్నవాడయ్యేది ఇలాంటప్పుడే.

శుక్రవారం వెళ్ళాను. ఆఫీసు వరండా నిండా జనం. కాగితాలు తీసుకునే కిటికీ దగ్గర మాత్రం పిట్ట కూడా లేదు. అందరూ గోడవారగా నిలబడి నోటీసు బోర్డు చదువుతున్నట్టు నటిస్తున్నారు. ఆ బోర్డు మీదున్నది మరుగుదొడ్డి ఎటువైపో చెప్పే కాగితమొక్కటే.

"జరగండి బాబూ, దివాలా తీసినవాణ్ణి" అంటూ బాబాయి వచ్చాడు. నేను తల దించుకున్నాను. ఆయన సరాసరి కిటికీ దగ్గరికెళ్ళి అదే ముక్క ఇంకా గట్టిగా చెప్పాడు.

"మెల్లిగా చెప్పండి, వినబడుతోంది" అన్నాడు లోపలి గుమాస్తా.

"నీకు వినబడితే చాలదు నాయనా. వెనక చాలామందికి చెవుడు."

వరండా అంతా నవ్వింది. ఆ నవ్వు ఆగేలోపు సెలూనాయన వెళ్ళి బాబాయి వెనక నిలబడ్డాడు.

"మీరూ దివాలానా?" అన్నాడు గుమాస్తా.

"అబ్బే, ఈయనకి తోడొచ్చాను" అంటూనే తన దరఖాస్తు చేతికిచ్చాడు. ఆయన వెనక ఇంకో తోడు. పది నిమిషాల్లో బాబాయికి పంతొమ్మిది మంది తోడు దొరికారు. అందులో ఏడో మనిషి మా అక్క.

బావ పోయాక మా ఇంట్లోనే ఉంటున్న అక్క కుట్టుమిషను మీదే ఇల్లు గడుస్తోంది. బావ పోతూ పోతూ అప్పు మిగిల్చాడని, ఆ రోజు దరఖాస్తు పెట్టకపోతే మిషను కూడా పోతుందని అప్పుడే తెలిసింది. డెబ్బై పేజీలు మూడుసార్లు చదివినవాడికి పక్కగది సంగతి తెలియలేదు.

"నాకెందుకు చెప్పలేదక్కా?"

"అప్పు అంటే చాలు, నువ్వు ఉపన్యాసం మొదలెడతావురా. బాబాయి అన్నం తింటూ, 'నేను మునిగినప్పుడు వారం రోజులు గడప దాటలేదమ్మా' అన్నాడు. 'నేనూ మునిగాను బాబాయ్' అనేశాను. నేనొక్కదాన్నేనా? బస్సులో ఆయన అలా వాగాక, దిగేచోట ఎవరో ఒకరు వెనకాలే దిగుతారట, ఫారం ఎలా నింపాలని అడగడానికి."

అక్క చేతిలో దరఖాస్తు చూశాను. బాబాయి బోర్డుల మీది గుండ్రటి అక్షరాలే. వరసలో సగం మంది కాగితాల మీద అవే అక్షరాలు.

అభ్యంతరాలన్నీ పరిశీలించామని ప్రభుత్వం ప్రకటించింది. ఒక్క కామా కూడా కదలకుండా చట్టం వచ్చేసింది. అక్క మిషను మాత్రం మా ఇంట్లోనే టకటకలాడుతోంది.

మొన్న బస్టాపులో బాబాయి కలిశాడు. నేను ప్రభుత్వాన్నీ, ఆఫీసునీ, నోరెత్తని జనాన్నీ కలిపి ఉతికేస్తుంటే రెండు బస్సులు వదులుకుని మరీ విన్నాడు. తరవాత నా భుజం మీద చెయ్యేశాడు.

"కొత్త ఫారం నలభై పేజీలటరా, నాకొక్క ముక్క అర్థం కావడం లేదు. సోమవారం నుంచి వచ్చి ఆ ఆఫీసు వరండాలో నా పక్కన కూర్చో. వచ్చేటప్పుడు మాత్రం ఈ మొహం ఇంట్లో పెట్టి రా. దీన్ని చూస్తే అప్పు లేనివాడు కూడా పారిపోతాడు."