అమ్మ కోసం నా మెడకు రాసిన అత్తరు

నా చిన్నప్పుడు పాతబస్తీ మొఘల్‌పురాలో మేమున్న వాటాకూ, నేను ఖాలా అని పిలిచే పక్కింటి ముస్లిం పిన్ని ఇంటికీ మధ్య ఒక్కటే గోడ. బాపు బస్సు డిపోలో పనిచేసేవాడు. తొంభైల్లో, నేను మూడో తరగతి చదువుతుండగా, మా అమ్మకు కడుపులో గడ్డ అని తేలింది. ఆపరేషన్ చేసి ఇంటికి పంపారు గానీ కోసిన చోట మానలేదు, చీము పట్టింది. గదిలో ఎప్పుడూ మందుల వాసన, దాని వెనక పుండు వాసన ఉండేవి.

నాకు అదేమీ పట్టేది కాదు. అమ్మ పక్కన పడుకుంటే చాలనిపించేది. అమ్మే రానిచ్చేది కాదు. గడపలో కనబడగానే చేత్తో సైగ చేసి పంపేసేది. పిల్లకు రేపు ఈ వాసనే గుర్తుండిపోతుందని ఆమె బాపుతో అనడం ఒకసారి విన్నాను. అప్పటినుంచి గడప అవతలే కూర్చుని, అమ్మకు వినబడేలా గట్టిగా ఎక్కాలు చదివేదాన్ని.

రోజూ గంజి కాచి తెచ్చే ఖాలా ఇదంతా చూస్తూనే ఉంది. చలి తగ్గింది. ఆమె ఇంట్లో వాళ్లు ఘాటైన అత్తర్లు పక్కన పెట్టి తేలికైనవి రాసుకునే రోజులు వచ్చాయి. ఒక సాయంత్రం నన్ను గుల్జార్ హౌజ్ దగ్గర అత్తరు దుకాణానికి తీసుకుపోయింది. జబ్బు మనిషికి వికారం పుట్టించనిది కావాలని దుకాణదారుతో ఉర్దూలో చాలాసేపు మాట్లాడింది. చివరికి మల్లె, చందనం కలిపినదొకటి తీసుకుంది. ముందు మల్లె తెలిసేది, కాసేపటికి చందనం. ఉందో లేదో అనిపించేంత సన్నటి వాసన.

అమ్మకు పూస్తుందనుకున్నాను. ఇంటికొచ్చాక ఖాలా నన్నే గడప దగ్గర నిలబెట్టి, నా చెవుల వెనక, మెడ మీద రాసింది. లోపలికి వినబడేలా అంది:

"అమ్మకు చూపియ్యి పో బేటా. దూరంకెల్లి తెల్వది. మెడ దగ్గర ముక్కు పెడితెనే తెలుస్తది."

సైగ చేయబోయిన అమ్మ చెయ్యి మధ్యలో ఆగిపోయింది. నేను మంచం దాకా వెళ్లి వంగాను. అమ్మ నా మెడలో ముఖం పెట్టింది.

"మస్తు సన్నగున్నది," అంది. "ఇంకింత దగ్గరికి రా బిడ్డా."

అట్లాగే పట్టుకుని ఉండిపోయింది. నా మెడ తడిసింది. ఖాలా గంజి గిన్నె తీసుకుని చప్పుడు చేయకుండా వెళ్లిపోయింది.

ఆ తర్వాత బడి నుంచి రాగానే ఖాలా దగ్గర అత్తరు రాయించుకుని అమ్మ దగ్గరికి పరిగెత్తేదాన్ని. వాసన చూస్తానని పిలిచి, అమ్మ నా జడ విప్పి మళ్లీ అల్లేది. పక్కన పడుకోబెట్టుకునేది. కొన్నాళ్లకు అత్తరు రాయని రోజున కూడా పిలిచింది. ఎండలు ముదరకముందే ఒక పొద్దున అమ్మ పోయింది. అప్పుడు నేను ఆమె పక్కనే, ఆమె చెయ్యి కిందే ఉన్నాను.

పెద్దయ్యాక, ఆ అత్తరు అమ్మకు ఎందుకు రాయలేదని ఖాలాను అడిగాను. "ఆమెకు కావాల్సింది అత్తరా బేటా?" అంది. "నువ్వు కదా."

ఇప్పటికీ ఎవరైనా మంచాన పడ్డారని తెలిస్తే వెళ్తాను. చూడవచ్చిన వాళ్లకని దూరంగా వేసిన కుర్చీలో కూర్చోలేను. దిండు సరిచేయనా అనో, కాళ్లు పట్టనా అనో అడిగి మంచం అంచున చేరతాను. వాళ్లు మొదట సిగ్గుపడి ముడుచుకుంటారు. కాసేపటికి తామే కొంచెం జరిగి, నాకు చోటిస్తారు.